కాల్చితే రాక్ ఫాస్ఫేట్ కరుగుతుందా, ఇంకా మొండికేస్తుందా?

డీఏపీ ఎరువు బస్తా 1,350 రూపాయలు. వానకాలం మొదట్లో ఆ ధరకైనా అదను దాటకముందే దొరికితే చాలని వరంగల్, ములుగు, జగిత్యాల దిక్కు రైతులు సొసైటీల ముందు వరుస కడుతుంటారు. అలాంటప్పుడే ఒక మాట ముందుకొస్తుంది: భాస్వరం ఉన్న రాయి, అంటే రాక్ ఫాస్ఫేట్, మన దేశంలోనే దొరుకుతున్నప్పుడు దాన్ని పొడిచేసి చల్లుకోవచ్చు కదా? దాని వెనకే ఇంకో మాట: ఉత్త పొడి నేలలో కరగదట, బట్టీలో కాల్చి చల్లితే కరుగుతుందట.

ఈ రెండో మాటకు మూలం సున్నపు బట్టీ. సున్నపురాయిని కాల్చితే సున్నమవుతుంది, నీళ్లు పోస్తే సలసల పొంగి విరిగిపోతుంది. రాక్ ఫాస్ఫేట్ కూడా రాయే కాబట్టి అదీ అలాగే మెత్తబడుతుందని అనుకుంటారు. అయితే అదే ఊళ్లో కుమ్మరి ఆవం కూడా ఉంది. పచ్చి కుండను నీళ్లలో పెడితే కాసేపటికే బురదవుతుంది, ఆవంలో కాలిన కుండ ఏళ్ల తరబడి నీళ్లు మోసినా కరగదు. రాక్ ఫాస్ఫేట్‌లోని భాస్వరం ఈ కుండ దారినే పోతుంది. పొడిలో కలిసి ఉన్న సున్నపురాయి మాత్రం సున్నం దారి పడుతుంది. గందరగోళమంతా ఈ రెండూ ఒకే పొడిలో ఉండటం వల్లనే పుడుతోంది.

బస్తా మీది అంకె, మొక్కకు అందే అంకె

ముందు కొన్ని మాటలు తేల్చుకోవాలి. ఎరువుల లెక్కలో భాస్వరాన్ని 'పి2ఓ5' రూపంలో చెప్తారు. దాన్ని 0.44తో గుణిస్తే అసలు భాస్వరం వస్తుంది. 50 కిలోల డీఏపీ బస్తాలో 46 శాతం లెక్కన 23 కిలోల పి2ఓ5 ఉంటుంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, అంటే మన 'సూపర్' బస్తాలో 16 శాతం లెక్కన 8 కిలోలు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రాక్ ఫాస్ఫేట్‌లో కనీసం 18 శాతం ఉండాలి, అంటే బస్తాకు 9 కిలోలు. కాగితం మీద చూస్తే రాక్ ఫాస్ఫేట్ సూపర్ కంటే ఒక కిలో ఎక్కువే ఇస్తోంది.

తేడా ఈ కిలోల్లో కాకుండా కరిగే గుణంలో ఉంది. సూపర్‌లో ఆ 16 శాతంలో చాలా భాగం నీళ్లలో కరిగేదే. రాక్ ఫాస్ఫేట్ మీద రాసేది 'మొత్తం' భాస్వరం. రాయిని గట్టి ఆమ్లంలో పూర్తిగా కరిగించి కొలిచిన అంకె అది, వేరు దగ్గర అంత ఆమ్లం ఉండదు.

అందుకే ప్రయోగశాలల్లో మెత్తటి ద్రావణాలతో ఇంకో కొలత తీస్తారు. తటస్థ అమ్మోనియం సిట్రేట్ ఒకటి, 2 శాతం సిట్రిక్ ఆమ్లం ఇంకొకటి. వీటిలో కరిగినంత భాస్వరం ఒకటి రెండు పంటల కాలంలో మొక్కకు దొరకొచ్చని అంచనా. నేరుగా నేలకు వేసే రాళ్లలో సిట్రేట్‌లో కరిగే పి2ఓ5 రాయి బరువులో 5.4 శాతం దాటితే మంచి రాయి అంటారు, 2.7 శాతం లోపుంటే మొండి రాయి. మన 18 శాతం బస్తాలో సిట్రేట్‌లో కరిగేది 2.5 శాతమే అనుకుందాం. 9 కిలోల్లో మొక్కకు త్వరగా అందే అవకాశమున్నది 1.25 కిలోలు. ఎకరానికి 24 కిలోల పి2ఓ5 కావాల్సిన వరికి మూడు బస్తాల సూపర్ సరిపోతుంది. ఈ రాయితో ఆ త్వరగా అందే మేరకు సరితూగాలంటే 19 బస్తాలకు పైగా మోయాలి. రాయిని కాల్చాలన్న ఆలోచన పుట్టింది ఈ తేడా పూడ్చడానికే.

భూమి ముందే కాల్చి పెట్టిన రాళ్లు

రాక్ ఫాస్ఫేట్‌లో భాస్వరం ఉండేది అపటైట్ అనే ఖనిజంలో. కాల్షియం, ఫాస్ఫేట్, ఫ్లోరిన్ ఒక క్రమంలో బిగుతుగా పేర్చుకున్న స్ఫటికమది. ఫ్లోరిన్ ఆ పేర్పు మధ్య సొరంగాల్లో సరిగ్గా ఇమిడి కూర్చుంటుంది. నీళ్లు దీన్ని కదిలించలేవు, ఆమ్లం మాత్రమే విప్పగలదు. ఒక్కో భాస్వరం పరమాణువు బయటికి రావాలంటే నేల నుంచి రెండు హైడ్రోజన్ అయాన్లు ఖర్చు కావాలి. ఈ లెక్క గుర్తుంచుకుంటే తర్వాతి విషయాలన్నీ తేలికవుతాయి.

అన్ని అపటైట్లూ ఒకే గట్టిదనంతో ఉండవు. సముద్రం అడుగున పేరుకున్న రాళ్లలో కొన్ని ఫాస్ఫేట్ల స్థానంలో కార్బొనేట్ వచ్చి చేరుతుంది. ఆకారం సరిపోని ఇటుకను గోడలో ఇరికించినట్టు అది పేర్పును వంకర చేసి బలహీనపరుస్తుంది. ఇలాంటి అపటైట్‌కు ఫ్రాంకొలైట్ అని పేరు. కార్బొనేట్ ఎంత ఎక్కువ చేరితే రాయి అంత తేలిగ్గా కరుగుతుంది. ట్యునీషియాలోని గఫ్సా, పెరూలోని సెచురా రాళ్లకు నేరుగా నేలకు వేసే ఎరువుగా పేరొచ్చింది ఇందువల్లే.

వేడి ఏం చేస్తుందో చూడటానికి బట్టీ దాకా పోనక్కర్లేదు, మన దేశపు గనులే చెప్తాయి. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గరి ఝామర్‌కోట్ర రాయి చాలా పురాతనమైంది. కోట్ల ఏళ్ల పాటు భూగర్భపు వేడికీ ఒత్తిడికీ లోనై లోపలి కార్బొనేట్‌ను చాలావరకు పోగొట్టుకుంది, స్ఫటికాలు పెరిగి బిగిశాయి. నేరుగా చల్లితే అది మొండి రాయి. ముస్సోరీ రాయి దానికన్నా కొంత నయం. ఉమ్మడి విశాఖ జిల్లా కాశీపట్నం దగ్గరి అపటైట్ పుట్టిందే వేడి శిలాద్రవం నుంచి. ఇలాంటి అగ్నిజనిత అపటైట్లు కరగడంలో అందరికన్నా వెనక ఉంటాయి. భూమి చేసిన ఈ పనినే బట్టీ కొన్ని గంటల్లో చేసి పెడుతుంది.

వేడి ఎక్కే కొద్దీ పొడిలో జరిగేది

100 నుంచి 150 డిగ్రీల దాకా తేమ పోతుంది, అంతే. అపటైట్ చెక్కుచెదరదు. పశువుల ఎరువు కుప్పలో పుట్టే 60 డిగ్రీల వేడి, రామగుండం మే నెల ఎండ లాంటివి దానికి లెక్కలోనివే కావు. కుప్పలో కలిపిన రాక్ ఫాస్ఫేట్ కొంత మెరుగుపడుతుందంటే అక్కడ కుళ్లేటప్పుడు పుట్టే సేంద్రియ ఆమ్లాలే కారణం, వేడి కాదు.

400 నుంచి 600 డిగ్రీల మధ్య రాయిలోని సేంద్రియ పదార్థం కాలిపోతుంది. నల్లటి, బూడిద రంగు రాళ్లు తెల్లబడతాయి. సేంద్రియ పదార్థం ఎక్కువున్న రాళ్లలో అది పోయిన చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి కాబట్టి ఈ దశలో పొడి కాస్త గుల్లబారొచ్చు. 'కాల్చితే మంచిది' అనేవాళ్లు చూపించే ఫలితాల్లో కొన్ని ఈ మేరలోవే. అవి అబద్ధమేమీ కావు. అయితే ఆ మెరుగు గుల్లదనం వల్ల వచ్చింది, అపటైట్ పేర్పు మాత్రం వదులవలేదు.

550 డిగ్రీల దగ్గర మొదలై 800 దాకా సాగే దశే అసలు నష్టం. స్ఫటికం లోపల ఇరుక్కున్న కార్బొనేట్ బొగ్గుపులుసు వాయువై వెళ్లిపోతుంది. వంకర ఇటుక పోయి గోడ మళ్లీ తిన్నగా కూడుకుంటుంది, ఫ్రాంకొలైట్ కాస్తా స్వచ్ఛమైన ఫ్లోరపటైట్‌కు దగ్గరవుతుంది. ఎక్స్-రేలతో కొలిస్తే స్ఫటికపు ఒక కొలత సుమారు 9.32 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 9.37కి పెరుగుతుంది. కంటికి కనిపించని మార్పే అయినా సిట్రేట్‌లో కరిగే గుణం దీనితోనే పడిపోతుంది. ఎంత మంచి రాయి అయితే నష్టం అంత ఎక్కువ, ఎందుకంటే పోగొట్టుకోవడానికి దాని దగ్గరే కార్బొనేట్ ఎక్కువుంది. ముందే మొండిగా ఉన్న కాశీపట్నం రకం రాయిని కాల్చితే పెద్దగా చెడదు, బాగుపడదు కూడా.

700 నుంచి 900 మధ్య అపటైట్‌తో పాటు విడిగా కలిసి ఉన్న సున్నపురాయి, డోలమైట్ విరిగి సున్నమవుతాయి. దాని సంగతి కింద విడిగా చూద్దాం.

900 దాటితే రేణువులు అంచుల దగ్గర అతుక్కుంటాయి. పొడి మళ్లీ ముద్ద కడుతుంది, లోపలి రంధ్రాలు మూసుకుంటాయి. ఇది చిన్న నష్టం కాదు. ఒక మిల్లీమీటరు గడిని 0.1 మిల్లీమీటరు గడులుగా కోస్తే వెయ్యి గడులవుతాయి, వాటి మొత్తం ఉపరితలం పది రెట్లు పెరుగుతుంది. ఆమ్లం పనిచేసేది ఉపరితలం మీదే. అందుకే రాక్ ఫాస్ఫేట్‌లో 90 శాతం 0.15 మిల్లీమీటరు జల్లెడలోంచి దిగాలని నిబంధన ఉంది. అంత ఖర్చుపెట్టి మరలో మెత్తగా చేసిన పొడిని 1,000 డిగ్రీల దగ్గర అతికించేస్తే ఆ పదింతల్లో చాలా భాగం వెనక్కి పోతుంది. మళ్లీ దంచితే ఉపరితలం తిరిగి వస్తుంది గానీ పోయిన కార్బొనేట్ రాదు.

ఈ ముద్దకట్టిన పొడి కూడా ఇంకా అపటైటే. ఏమీ కలపకుండా దాన్ని కరిగించాలంటే 1,600 డిగ్రీలు దాటాలి. మన ఊళ్లలోని ఇటుక బట్టీ వేడి సుమారు 800 నుంచి 1,000 డిగ్రీలు, అంటే కార్బొనేట్ పోయి రేణువులు అతుక్కునే మేర. రాయిని ఎరువుగా చెడగొట్టడానికి అంతకన్నా తగిన వేడి వెతికినా దొరకదు.

పసుపు ఎర్రబడితే కరిగింది భాస్వరమేనా?

కాల్చిన పొడి మీద నీళ్లు చల్లితే గిన్నె వెచ్చబడుతుంది, పొడి కాస్త ఉబ్బుతుంది. పచ్చి పొడి మీద చల్లితే తడి మన్నులా ఉండిపోతుంది. ఆ రెండు నీళ్లనూ తేర్చి, చిటికెడు పసుపు వేసి చూస్తే పచ్చి పొడి తేటలో పసుపు పచ్చగానే ఉంటుంది, కాల్చిన పొడి తేటలో పారాణిలా ఎర్రబడుతుంది. చూసేవాళ్లకు ఇది పెద్ద రుజువులా కనిపిస్తుంది: 'చూడండి, మందు కరిగింది.'

కరిగింది సున్నం. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని ఇళ్లల్లో అందరికీ తెలిసిందే, ఇక్కడా జరిగింది అదే. ఆ ఎర్ర రంగుకు భాస్వరంతో సంబంధం లేదు. పైగా అంత క్షారంలో అపటైట్ కరగడం ఇంకా తగ్గుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 100 కిలోల రాయి తీసుకున్నామనుకోండి. అందులో 20 కిలోల పి2ఓ5, 30 కిలోల సున్నపురాయి ఉన్నాయి. 900 డిగ్రీల దగ్గర బాగా కాల్చితే 30 కిలోల సున్నపురాయిలోంచి 13.2 కిలోల వాయువు పోతుంది, 16.8 కిలోల సున్నం మిగులుతుంది. ఇతర నష్టాలు పక్కనపెడితే పొడి బరువు 86.8 కిలోలు. 20ని 86.8తో భాగిస్తే 23 శాతం. ఆ సున్నాన్ని నీళ్లతో విరిచి కడిగేస్తే 70 కిలోలు మిగిలి, 28.6 శాతం అవుతుంది. పరీక్ష కాగితం మీద 20 కాస్తా 28.6 అయింది. భాస్వరం మాత్రం మొదట ఎంతుందో అంతే, ఒక్క గ్రాము పెరగలేదు. చింతపండులో గింజలు తీసేస్తే కిలోకు పులుపు పెరిగినట్టు కనిపించడం లాంటిదే ఇది.

ఇప్పుడు కడగకుండా చల్లితే ఏమవుతుందో చూద్దాం. 20 కిలోల పి2ఓ5లో 8.7 కిలోల భాస్వరం, అంటే సుమారు 280 మోల్స్ (రసాయన శాస్త్రంలో అణువులను లెక్కపెట్టే కొలత). ఒక్కోదానికి రెండు చొప్పున దాన్నంతా విప్పడానికి 560 మోల్స్ హైడ్రోజన్ అయాన్లు కావాలి. 16.8 కిలోల సున్నం 300 మోల్స్, అది తనవంతుగా 600 మోల్స్ తాగేస్తుంది. అపటైట్ మొత్తానికి కావాల్సినంత ఆమ్లాన్నీ దాని పక్కనున్న సున్నమే ముందు మింగేస్తోందన్నమాట. న్యాయంగా చెప్పాలంటే కాల్చకపోయినా ఆ 30 కిలోల సున్నపురాయి తాగేదీ అదే 600 మోల్స్. కాల్చడం వల్ల ఆ ఖర్చు పెరగలేదు. కానీ నెమ్మదిగా జరగాల్సింది కొద్ది రోజుల్లో, అదీ రేణువు పక్కనే జరిగిపోతుంది. వేరు చుట్టూ పీహెచ్ (7 కన్నా తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) తగ్గాల్సిన చోట పెరుగుతుంది.

సిట్రేట్ పరీక్షను కూడా ఈ సున్నం తప్పుదారి పట్టించగలదు. ద్రావణం ముందు సున్నాన్ని తిని అలసిపోతే అపటైట్ నిజంగా ఎంత కరిగేదో అంతకన్నా తక్కువ చూపిస్తుంది. అందుకే సున్నపురాయి ఎక్కువున్న నమూనాలకు ఒకసారి కడిగి, రెండోసారి తీసిన కొలతను నమ్ముతారు. 'కాల్చాక సగానికి పడిపోయింది' అని ఎవరైనా చెప్పినా ఆ కొలత ఎన్నోసారి తీసిందో తెలియకుండా ఒప్పుకోకూడదు.

వేడి నిజంగా మేలు చేసే సందర్భాలు

కాల్చితే మేలన్న మాట గాలిలోంచి పుట్టలేదు. కొన్ని ఫాస్ఫేట్ రాళ్లలో అపటైట్ ఉండదు. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో కొన్ని పొరల్లోనూ, సెనెగల్‌లోని థియెస్ దగ్గరా భాస్వరం ఎక్కువగా అల్యూమినియంతో ముడిపడి ఉంటుంది. క్రాండలైట్, మిల్లిసైట్ అనే ఈ ఖనిజాల స్ఫటికం నీటి అణువుల మీద నిలబడి ఉంటుంది. 500, 600 డిగ్రీల దగ్గర ఆ నీళ్లు పోగానే పందిరి గుంజ పీకినట్టు పేర్పంతా కూలి, క్రమం లేని పొడిగా మారుతుంది. సిట్రేట్‌లో కరిగే గుణం ఎన్నో రెట్లు పెరుగుతుంది. సెనెగల్‌లో అలా కాల్చిన పొడిని 'ఫాస్ఫాల్' పేరుతో ఎరువుగా అమ్మారు. ఇక్కడ కూడా వేడి హద్దు దాటితే కొత్త స్ఫటికాలు కట్టి లాభమంతా పోతుంది.

కాబట్టి ఒకరు 'కాల్చితే పెరిగింది' అని, ఇంకొకరు 'తగ్గింది' అని చెప్తే ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు, వాళ్ల రాళ్లు వేరు. ఝామర్‌కోట్ర, ముస్సోరీ, కాశీపట్నం రాళ్లలో భాస్వరం ఉన్నది అపటైట్‌లోనే.

ఇంటికి దగ్గరి ఉదాహరణ ఎముకల పొడి. పచ్చి ఎముకల పొడిలో మొత్తం పి2ఓ5 కనీసం 20 శాతం, అందులో 2 శాతం సిట్రిక్ ఆమ్లంలో కరిగేది 8 ఉండాలని నిబంధన. ఆవిరి పట్టిన ఎముకల పొడిలో మొత్తం 22, కరిగేది 16. కరిగేది రెట్టింపు! ఒత్తిడితో పట్టిన ఆవిరి కొవ్వునూ జిగురునూ తీసేస్తుంది, ఎముక పెళుసై మెత్తగా నలుగుతుంది. ఎముకలోని స్ఫటికాలు చాలా సన్నవి, ఆవిరి వేడికి అవి పెరగవు. అదే ఎముకను తెల్లగా బూడిదయ్యేదాకా 800, 900 డిగ్రీల మంటలో కాల్చితే స్ఫటికాలు పెరిగి బిగుసుకుంటాయి, కరగడం పడిపోతుంది. ఒకే ఎముకకు ఒక వేడి మేలు చేసింది, ఇంకో వేడి కీడు చేసింది.

తోడు కలిపి కాల్చే పద్ధతులు

అపటైట్‌ను వేడితో లొంగదీయాలంటే వేడి ఒక్కటే చాలదు, కాల్షియంనో ఫ్లోరిన్‌నో పట్టుకుని విడదీసే తోడు కావాలి. జర్మనీలో 20వ శతాబ్దంలో తయారైన 'రెనానియా ఫాస్ఫేట్' ఇలాంటిదే. రాయిలో సోడా యాష్, ఇసుక కలిపి 1,000 నుంచి 1,250 డిగ్రీల దాకా కాల్చేవారు. సోడియం అపటైట్ పేర్పులో దూరి కాల్షియం సోడియం ఫాస్ఫేట్ అనే కొత్త ఖనిజాన్ని చేస్తుంది, మిగిలిన కాల్షియంను ఇసుక పట్టుకుంటుంది. ఇందులోని భాస్వరం నీళ్లలో కరగకపోయినా సిట్రేట్‌లో చాలావరకు కరుగుతుంది.

దీనికి చిటికెడు సోడా చాలదు. 30 శాతం పి2ఓ5 ఉన్న 100 కిలోల రాయిలో ఒక్కో భాస్వరానికి ఒక్క సోడియం చొప్పున లెక్కవేసినా 22 కిలోల పైచిలుకు సోడా యాష్, 8 నుంచి 9 కిలోల ఇసుక కావాలి. అదీ పొడులు పూర్తిగా కలిసి, వేడి అంతటా సమానంగా అందితేనే. తడి ఉన్న బట్టల సోడా గడ్డలైతే అందులో 60 శాతానికి పైగా నీళ్లే కాబట్టి 60 కిలోలు పోయాలి. ఎకరానికి 24 కిలోల పి2ఓ5 ఈ రూపంలో వేస్తే దాంతో దాదాపు 8 కిలోల సోడియం నేలకు చేరుతుంది. చౌడు పట్టిన నేలలో ఇది పట్టించుకోవాల్సిన సంగతే.

ఇంకో పద్ధతి మెగ్నీషియం ఉన్న సర్పెంటైన్ రాయితో కలిపి 1,400, 1,500 డిగ్రీల దగ్గర పూర్తిగా ద్రవంగా కరిగించడం. జపాన్, చైనా, వియత్నాంలలో ఇది ఎరువుగా వాడుకలో ఉంది. అక్కడ అసలు కిటుకు చల్లార్చడంలో ఉంది. ఎర్రటి ద్రవం కొలిమిలోంచి బయటపడుతుండగానే దాని మీదికి నీటి ధార కొడతారు. ఒక్క క్షణంలో గడ్డకట్టి గాజు ముక్కల్లా చిట్లిపోతుంది. చక్కెర పాకాన్ని పళ్లెంలో పోసి వెంటనే చల్లారిస్తే గాజులా ఉంటుంది, మెల్లగా వదిలేస్తే పలుకులు కడుతుంది కదా, ఇదీ అంతే. ద్రవం మెల్లగా చల్లారితే అణువులు తిరిగి వరుస కట్టుకుని అపటైట్ మళ్లీ పుడుతుంది. అంత ఇంధనమూ వృథా. గాజుగా నిలిస్తే మాత్రం 18 నుంచి 20 శాతం పి2ఓ5 సిట్రిక్ ఆమ్లంలో కరిగే రూపంలో, దాంతో పాటు మెగ్నీషియం, సిలికా దొరుకుతాయి. బాగా ఆమ్లపు నేలల్లో మంచి ఎరువు.

ఫ్యాక్టరీలు ఎందుకు కాలుస్తాయి మరి?

సున్నపురాయి తగ్గించి రవాణా, ఆమ్లం ఖర్చులు మిగుల్చుకోవడానికి, సేంద్రియ పదార్థం పోగొట్టి ఆమ్లం పోసినప్పుడు నురగ రాకుండా చూసుకోవడానికి, కొన్ని చోట్ల కాడ్మియం అనే విష లోహాన్ని ఆవిరిగా వెళ్లగొట్టడానికి. ఇవన్నీ సరైన కారణాలే. ఆ తర్వాత వాళ్లు ఎలాగూ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో రాయిని విప్పుతారు కాబట్టి కాస్త మొండిబడినా వాళ్లకు నడుస్తుంది. ఆ ఆమ్లం పోయకుండా నేరుగా నేలకు చల్లేవాళ్లకు నడవదు.

ఊరి బట్టీలో చేస్తే ఖర్చు ఎంత? పైన చెప్పిన 100 కిలోల రాయిని 900 డిగ్రీలకు తేవడానికి సుమారు 85 మెగాజౌళ్లు, సున్నపురాయి విరగడానికి ఇంకో 53. కట్టె కిలోకు 15 మెగాజౌళ్లు ఇస్తుంది. బట్టీలో 30 శాతం వేడే రాయికి అందుతుందనుకుంటే 30 కిలోల కట్టె. అంతా కాల్చాక చేతికొచ్చేది కరగడానికి ఇంకా మొండికేసే పొడి. ఇంకా ఎక్కువ వేడిలో, ముఖ్యంగా ఇసుక, నీటి ఆవిరి తోడైతే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువు వెలువడుతుంది. కళ్లను, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది, చుట్టుపక్కల ఆకుల అంచులు మాడుస్తుంది. అందుకే ఫ్లోరిన్ తీసే కొలిమిలకు వాయువును కడిగే ఏర్పాటు ఉండాల్సిందే. ఊరి మధ్య చేసి చూడాల్సిన పని ఏమాత్రం కాదు.

చెల్క, రేగడి, వరి మడి

రాయి ఎంత మంచిదైనా చివరికి దాన్ని విప్పాల్సింది నేల. రాక్ ఫాస్ఫేట్ బాగా పనిచేసేది పీహెచ్ 5.5 లోపున్న, కాల్షియం తక్కువున్న, తడి ఆరని నేలల్లో. అస్సాం, కేరళ తోటల్లో అది చెల్లుతుంది. ఉత్తర తెలంగాణ నల్లరేగడి పీహెచ్ సాధారణంగా 7.5 నుంచి 8.5. దుక్కిలో తెల్లటి సున్నపు పలుకులు కంటికే కనిపిస్తాయి. అక్కడ ఆమ్లం లేదు, కాల్షియం నిండా ఉంది. కాల్చినదీ కాల్చనిదీ రెండూ అలాగే కూర్చుంటాయి. పత్తి, మిర్చికి మొదటి నెలన్నరలో వేరు పట్టడానికి కావాల్సిన భాస్వరం దీన్నుంచి రాదు.

ఎర్ర చెల్కల్లో కొన్ని కొంచెం ఆమ్లం వైపు ఉంటాయి, అక్కడ సన్నగా నలిగిన పచ్చి రాయికి కొంత అవకాశముంది. వరి మడిలో సంగతి వేరు. ఆమ్లపు నేల అయినా నీళ్లు నిలబెట్టిన కొన్ని వారాల్లో పీహెచ్ 6.5, 7 వైపు జరుగుతుంది. ఉన్న కాస్త ఆమ్లమూ తగ్గుతుంది.

కంది వేస్తే రాయి కరుగుతుందన్న మాట కూడా వినిపిస్తుంది, అది సగం నిజం. కంది వేర్లు వదిలే పిసిడిక్ ఆమ్లం ఇనుముతో ముడిపడ్డ భాస్వరాన్ని విడిపిస్తుందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో 1990 నాటికే తేలింది. అది ఎర్ర నేలలో ముందే ఉన్న భాస్వరం. రాక్ ఫాస్ఫేట్‌లోది కాల్షియంతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పడంలో సిట్రిక్ లాంటి ఆమ్లాలు వదిలే శనగ వేర్లు ఎక్కువ పనికొస్తాయి.

ఇంకో వైపు వాదన కూడా వినాలి. నీళ్లలో కరిగే డీఏపీ, సూపర్ వేసినా మొదటి పంట తీసుకునేది 15 నుంచి 20 శాతమే, మిగతాది రేగడిలో కాల్షియంతో, చెల్కలో ఇనుముతో కట్టుకుపోతుంది. అలా ఏళ్ల తరబడి నేలలో పేరుకున్న భాస్వరం ఉండగా కొత్త రాయి కోసం బట్టీ ఎందుకని అడిగేవాళ్ల ప్రశ్నలో బలముంది. భాస్వరం కరిగించే బ్యాక్టీరియా, పశువుల ఎరువు వాడేవాళ్లు ఆ పాత నిల్వ మీదే ఆధారపడుతున్నారు. భూసార పరీక్షలో భాస్వరం 'ఎక్కువ' అని వచ్చిన పొలానికి ఇది వర్తిస్తుంది, 'తక్కువ' అని వచ్చిన చెల్కకు వర్తించదు.

రాక్ ఫాస్ఫేట్‌ను వేడి లేకుండా మెరుగుపరిచే దారి ఇప్పటికే ఎరువుల ఉత్తర్వులో ఉంది. సన్నగా నలిపిన రాయిని సేంద్రియ ఎరువుతో కలిపి కుళ్లబెట్టిన 'ప్రామ్'లో కనీసం 10.4 శాతం పి2ఓ5 ఉండాలి, పీహెచ్ 6.7 మించకూడదు. ఆ రెండో అంకె మీద కన్నేయాలి. కాల్చిన, సున్నం మిగిలిన రాయి అందులో కలిస్తే పీహెచ్ ఆ హద్దు దాటేస్తుంది. 'శుద్ధి చేసిన', 'కాల్చిన' రాక్ ఫాస్ఫేట్ పేరుతో ఏ బస్తా వచ్చినా మొత్తం శాతం కన్నా ముందు సిట్రేట్‌లో కరిగే శాతం ఎంతో అడగాలి. దాని తేటలో చిటికెడు పసుపు వేస్తే అందులో సున్నం మిగిలిందో లేదో అక్కడికక్కడే రంగులో తెలిసిపోతుంది.